ఇంటికి దాచుకున్న కన్ను

బ్రహ్మచారికి కోపం తెప్పించాలంటే పెద్దగా కష్టపడనక్కర్లేదు, అతని కళ్లను అనుమానిస్తే చాలు. కాళ్లు వాచాయని చెప్పండి, "వాస్తె వాసినయి, వయసు గాలేదా" అంటాడు. షుగరు పెరిగిందని చెప్పండి, నవ్వి ఊరుకుంటాడు. చూపు మందగించిందేమో అన్నారా, ఇక ఆ పూట మీకు అతని దుకాణంలో చాయ్ పుట్టదు. వాచీలు బాగుచేసేవాడి కంటిని అనడమంటే వంటవాడి చేతిని అన్నట్టే కదా. అందుకని ఆ కోపాన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఆ దుకాణం సికింద్రాబాద్ స్టేషన్ నుంచి మోండా మార్కెట్ వైపు పోయే సందులో ఉంది. దుకాణం అనడం మర్యాద కోసమే. రెండు షట్టర్ల నడుమ మిగిలిపోయిన జాగాలో ఒక బల్ల, బల్ల మీద గాజుపెట్టె, గోడ నిండా తలో టైము చూపించే గడియారాలు. ఒకప్పుడు రైల్వే గార్డులు, డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు ఆ బల్ల దగ్గర ఆగి, "చారీ, జెర టైమ్ కలుపు" అని వాచీ విప్పి ఇచ్చేవాళ్లు. దసరా ముందైతే బల్ల ముందు మనుషులు తోసుకునేవాళ్లు, కొత్త పెళ్లికొడుకుల మామలు వాచీ పెట్టెలు పట్టుకుని నిలబడేవాళ్లు. ఇప్పుడు టైము సెల్‌ఫోన్లోకి పోయి కూర్చుంది. తాతల కాలం కీ వాచీలు ఇంట్లో దొరికితే పట్టుకొచ్చి, "అంకుల్, ఇది నడుస్తదా" అని అడిగే కుర్రకారు పుణ్యమా అని చారి బల్ల మీద దీపం ఇంకా వెలుగుతోంది.

ఈ పని అతనికి నేర్పినవాడు హరికిషన్ ఉస్తాద్. చారి నాయన బంగారం పనిచేసే అవుసులాయన. కొడుక్కేమో కుంపటి పొగ పడలేదు. మీసాలు మొలవకముందే సీతాఫల్‌మండి నుంచి నడుచుకుంటూ వచ్చి ఉస్తాద్ దగ్గర చేరాడు. ఉస్తాద్ నల్లటి కంటిగ్లాసును, అదే, కంటిగుంటలో ఇరికించుకుని చూసే భూతద్దాన్ని, అతని చేతిలో పెడుతూ మొదటిరోజే ఒక మాట చెప్పాడు.

"అరే చారీ, పని చూసే కన్ను అరుగుతది, చెప్పు అరిగినట్టే. రెండింటినీ అరగనిస్తే ముసలితనంల దేవుడు సుత దిక్కుండడు. కుడి కన్ను దుకాన్‌కు, ఎడమ కన్ను ఇంటికి. ఎడమ కంటికి ఎన్నడు గ్లాస్ పెట్టకు. పెండ్లాం పిల్లల్ని చూసుకునేందుకు దాచుకో."

చారి ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు. గ్లాసు కుడి కంటికే పెట్టేవాడు. ఎడమ కన్నును మూసేవాడు కాదు, వదులుగా, పనీపాటా లేకుండా, దాని మానాన దాన్ని వదిలేసేవాడు. ఉస్తాద్ ఇంకో మాట కూడా ఎప్పుడూ అంటుండేవాడు, దాన్ని గోడ మీద రంగుతో రాయించాడు కూడా: "నడిచే వాచీకి సర్వీస్ చేయించండి. ఆగినంక చేసేది రిపేర్." ఉస్తాద్ పోయి చాలా ఏళ్లయినా ఆ అక్షరాలు గోడ మీద అలాగే ఉన్నాయి. వచ్చినవాళ్లందరికీ చారి వాటిని వేలితో చూపించి చదివించేవాడు.

పనీపాటా లేని ఆ ఎడమ కన్నే అతనికి పెళ్లి చేసింది. రైల్వేలో గేటు కాసే ఒకాయన వాచీ ఆగిపోతే, ఆయనకు డ్యూటీ ఉండి, కూతుర్ని పంపించాడు. ఆ పిల్ల బల్లకు ఎడమ పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. కుడి కన్ను వాచీలో, ఎడమ కన్ను పిల్ల మీద. గ్లాసు పెట్టుకున్న మగాడు తనను చూస్తున్నాడని ఏ ఆడపిల్లకు తెలుస్తుంది అనుకున్నాడు మనవాడు. ఆ పిల్లకు తెలిసింది.

"వాచీ ఆడుంటే చూపు ఈడున్నదేంది?" అంది.

పట్టకారులోని మర జారి ఎగిరిపోయింది. ఇద్దరూ నేలమీద కూర్చుని వెతికారు. ఆ పిల్లకే దొరికింది, తన ఓణీ మడతలోనే. ఆమె పేరు దేవమ్మ. మరుసటి ఏడు పెళ్లయింది, పేరుకు మాత్రం అతను ఇప్పటికీ బ్రహ్మచారే.

తర్వాత దేవమ్మ మారేడ్‌పల్లిలో ఒక బడిలో ఆయాగా చేరింది. మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు కూర్చోగానే డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చేది. ఎడమ పక్కన నిలబడేది. చప్పుడు చేసేది కాదు. చారి తల ఎత్తేవాడు కాదు, చెయ్యి ఆపేవాడు కాదు, "వచ్చినవా" అనేవాడు. అంతే, ఆ ఒక్క మాట. ఎండాకాలం, వానాకాలం, బిడ్డ సృజన పుట్టినప్పుడు, ఆమెకు పెళ్లిచేసి యాప్రాల్ పంపినప్పుడు, ఆ మాట మారలేదు. మొగుడు పొగడ్తలు తెలిసినవాడు కాదు, పువ్వులు తెచ్చేవాడూ కాదు. అయినా తల ఎత్తకుండానే తనను చూస్తాడన్న సంగతి దేవమ్మకు తెలుసు. ఆమెకు అది చాలు.

షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. బస్తీ దవాఖానలో నెలనెలా వేలు గుచ్చి చూసి గోలీలు ఇచ్చేవారు. ఇచ్చిన ప్రతిసారీ, "ఏడాదికోసారి కండ్లు చూపించుకోవాలె పెద్దాయనా, చుక్కలేసి చూస్తరు" అని చెప్పేవారు. చారి తల ఊపేవాడు. గోలీలు ఒకచోట, కళ్లు ఇంకోచోట, రక్తం మరోచోట అంటే మనిషి ఎన్ని ముక్కలై తిరగాలి? పైగా తన కంటికి ఏమైందని? వెంట్రుకకన్నా సన్నటి స్ప్రింగును పట్టి నిలబెట్టే కన్ను అది.

ఒకసారి మాత్రం దేవమ్మ పోరు పడలేక కంటి ఆసుపత్రికి పోయాడు. రెండేళ్ల కిందటి మాట. గోడ మీది అక్షరాలు ఒక్కో కన్ను మూసి చదివించారు. ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. అక్కడి అమ్మాయి మెచ్చుకుని, "ఇప్పుడు చుక్కలు వేస్తాం అంకుల్. సాయంత్రం దాకా దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు కొడుతుంది. తోడు ఎవరొచ్చారు?" అని అడిగింది. తోడెవరున్నారు? దేవమ్మకు బడి. సృజనకు చంటిపిల్ల. బల్ల మీద ఒక రిటైరైన గార్డు వాచీ విప్పి ఉంది, ఆయన సాయంత్రం రైలుకు ఊరు పోవాలి. కళ్లకు మసక కమ్మితే ఆ వాచీని ఎవరు మూస్తారు? "మళ్లొస్తనమ్మా" అని లేచి వచ్చేశాడు.

ఇంటికి వచ్చి, "ఆఖరి లైన్ సుత చదివిన" అని గొప్పగా చెప్పాడు. అది అబద్ధం కాదు. దేవమ్మ సంతోషంగా ఆ పూట మెంతికూర పప్పు చేసింది. అక్షరాలు చదవడమే కంటిపరీక్ష అని చారి కూడా నమ్మేశాడు, ఎందుకంటే అలా నమ్మడమే అతనికి సుఖంగా ఉంది. మళ్లీ పోవాలన్న మాట దసరా తర్వాతకు, దసరా తర్వాతది సంక్రాంతి తర్వాతకు, అట్లా జరిగి జరిగి ఎటో పోయింది.

పక్క దుకాణం సుబ్బరాజుది. భీమవరం నుంచి ఎప్పుడో వచ్చి గొడుగులు, బ్యాగులు అమ్ముకుంటూ ఇక్కడివాడైపోయాడు కానీ భాష మాత్రం అక్కడిదే ఉంచుకున్నాడు. ఆయనకూ షుగరే. ఇద్దరూ చక్కెర లేని చాయ్ తాగుతూ ఒకరి కష్టం ఒకరు చెప్పుకునేవాళ్లు. కళ్ల మాట వస్తే సుబ్బరాజు చెవులు మూసుకునేవాడు.

"మా బావగారి సంగతి చెప్పాను కదండీ చారి గారూ. లేజరన్నారు, కంట్లోకి లైటు కొట్టారు. మనిషికి చూపే పోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అయిపోయిందండీ."

ఆ కథ విన్న ప్రతిసారీ చారికి లోపల కాస్త హాయిగా ఉండేది. పోకపోవడానికి ఇంకో కారణం దొరికింది కదా.

ఈ ఎండాకాలం మొదలయ్యాక దేవమ్మ ఎందుకో ముభావంగా ఉంటోంది. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా నిలబడి, మాట్లాడకుండా వెళ్లిపోతోంది. ఇంట్లోనూ అంతే. చారికి ఏమీ అర్థం కాలేదు. పైపెచ్చు అతనికీ చికాకులు ఎక్కువయ్యాయి. నీళ్లు గ్లాసులో పోస్తే పక్కన పడుతున్నాయి. గుమ్మం దాటుతుంటే ఎడమ భుజం చౌకట్టుకు కొట్టుకుంటోంది. "బిందె జరిపినవ్, స్టూల్ జరిపినవ్, ఉన్నది ఉన్నకాడ ఉంచవు" అని దేవమ్మ మీద ఎగిరేవాడు. సీతాఫల్‌మండి స్టేషన్లో లోకల్ రైలు దిగుతుంటే ఎడమ వైపున్న పసిపిల్లను తోసేసి, ఆ తల్లి చేత నానా మాటలు పడ్డాడు. లోకంలో మనుషులు మరీ మీదమీదికి వచ్చేస్తున్నారని అతని ఫిర్యాదు.

ఒక మధ్యాహ్నం గ్లాసు పెట్టుకుని ఒక పాత వాచీ విప్పి కూర్చున్నాడు. నూనె బుడ్డి కోసం ఎడమ చెయ్యి చాచాడు. మోచెయ్యి దేనికో తగిలింది. డబ్బా దొర్లింది, చారు బల్లంతా పారి విప్పిన వాచీలోకి పోయింది.

"ఎప్పుడొచ్చినవే?" అని గయ్యిమన్నాడు చారి. "వచ్చినదానివి చెప్పద్దా? దొంగ లెక్క నిలవడుతవేంది?"

"నేను వచ్చి ఎంతసేపైందనుకున్నవ్?" అంది దేవమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "నెల దాటింది, వచ్చినవా అన్నది లేదు. ఏం తప్పు చేసిన్నో, నామీద మనసు విరిగిందేమో అనుకున్న. రోజూ ఈడనే నిలవడుతున్న. రోజూ చూస్తున్న, అంటవేమోనని."

చారి రోజులు లెక్కేసుకున్నాడు. నెలరోజులుగా దేవమ్మ రావడం తను చూడలేదా? డబ్బా ఉంటోంది, తింటున్నాడు. ఆమె ఎప్పుడు వస్తోందో తెలియడం లేదు.

దేవమ్మ దగ్గరికి వచ్చింది. అతని కుడి కంటి మీది గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. తన అరచేత్తో ఆ కుడి కన్ను మూసింది.

"నేనేడున్న?"

చారి చూశాడు. మధ్యలో బూడిద రంగు మరక ఉంది, పెద్దది. దాని అంచుల్లో కాస్త వెలుతురు, గోడ మీది గడియారమేదో సగం. ఆమె అడుగు దూరంలో ఉంది. మెంతుల వాసన, కుంకుడుకాయ వాసన, అంతా తెలుస్తోంది. మనిషి మాత్రం లేదు.

"కనవడుతలేవ్" అన్నాడు. ఆ మాట తన గొంతులోంచి వచ్చిందంటే అతనికే నమ్మకం కలగలేదు.

ఆమె చెయ్యి తీయలేదు.

ఆమె బడికి వెళ్లిపోయాక చారి ఒక పని చేశాడు. జన్మలో మొదటిసారి కంటిగ్లాసు ఎడమ కంటికి పెట్టాడు. ఉస్తాద్‌కు మనసులో క్షమాపణ చెప్పుకుని, వాచీ మీదికి వంగాడు. చక్రాలు లేవు, మరలు లేవు, వాచీయే లేదు. ఇన్నేళ్లు కష్టం తెలియకుండా, ఒక్కరోజు పని చెప్పకుండా, అపురూపంగా దాచిన కన్ను అది. దానికి పని చెప్పి ఉంటే ఏనాడో చెప్పేది, నాకు బాగాలేదని. చారికి ఏడుపొచ్చింది. దుకాణంలో కూర్చుని ఏడ్చే మగాడిని చూసి జనం ఏమనుకుంటారోనని సగం షట్టర్ దించుకున్నాడు.

మరునాడు పొద్దున్నే దేవమ్మ బడికి ఫోన్ చేసి సెలవు చెప్పింది. "నడువు, దవాఖానకు" అంది. చారి ఒప్పుకుంటే కథేముంది? ఆమెను తప్పించుకుని లోకల్ పట్టుకుని దుకాణానికి వచ్చేశాడు. ఆమె వెనకాలే వచ్చింది. సుబ్బరాజు తన గొడుగుల మధ్య నుంచి తల బయటపెట్టాడు.

"నేను రాను" అన్నాడు చారి. "ఎడమది పోయింది, పోనీ. కుడిది మంచిగున్నది. ఇగో, ఈ మర మీద గీత సుత కనవడుతది. ఆడికి పోతే లేజర్ అంటరు. ఉన్న ఒక్క కన్ను సుత పోతే ఏంజేస్త? నిన్ను పట్టుకుని నడుస్తనా? ఈ బల్ల మీద కూసుండి చేతులు నలుపుకుంటనా?"

ఇది మొండితనం కాదు, భయం. మొండివాడికి చెప్పడం సులువు, భయపడ్డవాడికి చెప్పడం కష్టం. దేవమ్మకు ఆ తేడా తెలుసు కాబట్టి గొంతు పెంచలేదు.

"ఆయన చెప్పింది నిజమేనమ్మా" అన్నాడు సుబ్బరాజు. "మా బావగారికి లేజర్ కొట్టాకే కదండీ చూపు..."

"రాజు గారు, ఒక్కమాట అడుగుత, ఏమనుకోకండి. మీ బావగారు దవాఖానకు ఎన్నడు పోయిండ్రు? కండ్లు మంచిగ ఉన్నప్పుడా?"

"అయ్యో, మంచిగుంటే ఎందుకెళ్తాడమ్మా? ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, రెండోది కూడా కనబడ్డం మానేశాకే వెళ్లాడు. అప్పటిదాకా మేమెవరం..." అని సుబ్బరాజు ఆగిపోయాడు. చేతిలోని గొడుగును తెరిచి, ఎందుకు తెరిచాడో తెలియక మళ్లీ మూశాడు. ఇన్నేళ్లుగా చెబుతున్న కథలో ఆ ముక్క ఆయనకే కొత్తగా వినబడింది.

దేవమ్మ మొగుడి వైపు తిరిగింది. గోడ మీద వెలిసిపోతున్న ఉస్తాద్ అక్షరాలను చూపించింది.

"చదువు" అంది.

"నాకు తెల్వదా?"

"తెలిస్తే చదువు. వచ్చిన ప్రతోనితోని చదివిపిస్తవ్ గద. టైమ్ మంచిగనే చూపెడుతది, లోపట నూనె ఎండిపోయిందని వానికి తెల్వదు, ఆగినంక ఎత్తుకొస్తడు పిచ్చోడు అని ఎంతమందిని తిట్టలే నువ్వు? నీ కుడి కన్ను నడుస్తున్నది. నడుస్తున్నప్పుడే తీస్కపోదాం. ఆగినంక నేను నిన్ను ఏ ఉస్తాద్ తాన చూపియ్యాలె?"

చారి గోడ వైపు చూడలేదు. చూడనవసరం లేకుండానే ఆ అక్షరాలు అతనికి కంఠస్థం. లేచి దీపం ఆర్పాడు.

కంటి ఆసుపత్రిలో చుక్కలు వేశారు. చురుక్కుమంది. మళ్లీ వేశారు, కళ్లు మూసుకోమన్నారు, మళ్లీ వేశారు. తోడెవరని అడిగితే దేవమ్మ బడిపిల్లలా చెయ్యెత్తింది. గంట గడిచేసరికి లోకమంతా సున్నం కొట్టినట్టు తెల్లబడింది. అప్పుడు లోపలికి పిలిచి, డాక్టర్ నీహారిక గారు అతని గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి చాలాసేపు చూశారు. చిన్న వయసే, మాట మాత్రం నిదానం.

"చారి గారూ, షుగర్ వల్ల కంటి వెనక పొరలో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని కారతాయి. నొప్పి ఉండదు, అందుకే తెలీదు. ఎడమ కంట్లో రక్తం కారి, మచ్చకట్టి, ఆ మచ్చ పొరను లాగేసింది. ఆ కన్ను విషయంలో మీకు ఆశ పెట్టలేను. కుడి కంట్లో కూడా మొదలైంది, కానీ ఇంకా నడిమధ్యకు రాలేదు. లేజర్ చేస్తే ఉన్న చూపును చాలావరకు నిలబెట్టుకోవచ్చు. చేయకపోతే ఇదీ ఎడమదాని దారిలోనే పోతుంది."

"రెండేండ్ల కింద ఆఖరి లైన్ చదివిన మేడమ్, రెండు కండ్లతోని."

"చదివే ఉంటారు. వెనక పొర పాడవుతున్నా మొదట్లో అక్షరాలు బాగానే కనిపిస్తాయి. చుక్కలు వేసి లోపల చూస్తేనే తెలుస్తుంది."

"ఆ దినమే చుక్కలేయించుకుంటే?"

డాక్టరమ్మ చేతిలోని పెన్ను కింద పెట్టింది. "అప్పుడే చూసి ఉంటే బహుశా కాపాడేవాళ్లం" అంది.

ఆ గార్డు వాచీ గుర్తొచ్చింది చారికి. ఆయన రైలు పట్టుకుని ఊరు పోయాడు, సరిగ్గా టైముకే.

లేజర్‌కు సంతకం పెట్టేముందు కాసేపు ఆలోచించుకోమని బయట కూర్చోబెట్టారు. దేవమ్మ అలవాటు ప్రకారం ఎడమ పక్కన కూర్చుంది. కూర్చున్నాక తప్పు తెలుసుకుని లేచి కుడి పక్కకు వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో బస్సులో, రైల్లో, పెళ్లి పందిట్లో, మంచం మీద ఆమె ఎడమ పక్కే. ఆ చోటు ఆమెది. ఇప్పుడది ఖాళీ అయింది.

"నీళ్లు తెస్తా ఉండు" అని ఆమె లేచి వరండా చివరికి నడిచింది.

చుక్కల మహిమ వల్ల దగ్గరున్నంతసేపూ ఆమె మొహం అతనికి మసకమసకగానే ఉంది. దూరం పోతున్నకొద్దీ తేలింది. వరండా చివర కిటికీ వెలుతురులో కుళాయి దగ్గర నిలబడ్డ దేవమ్మ మొత్తం కనబడింది. జుట్టు ఎంత నెరిసింది. మోకాలి నొప్పితో ఎడమ కాలు ఈడ్చి నడుస్తోంది, ఎప్పటి నుంచి? భుజాలు వంగాయి. ఓణీ మడతలో మర వెతికి తీసి, అరచేతిలో పెట్టి చాచిన పిల్ల ఈమేనా? ఇంటి కోసమని కన్ను దాచుకున్నాడు సరే, ఆ కంటితో ఇంటిదాన్ని చూసిందెన్నడు? తల ఎత్తకుండా వచ్చినవా అనడమే చూడటమని అనుకుంటూ వచ్చాడు. ఆమె సీసా నింపుకుని తిరిగి వస్తోంది. దగ్గరికి వస్తున్నకొద్దీ మళ్లీ మసకబారుతోంది. చారికి ఒక్కసారిగా భయం పుట్టింది, లేజరంటే కాదు, ఈమె మసకలో కలిసిపోయి ఇక తేలకపోతే ఏం చేయాలన్న భయం.

"ఏడ పెట్టాలె సంతకం?" అన్నాడు ఆమె రాగానే.

లేజరప్పుడు నుదుటికి పట్టీ బిగించి, "కదలకుండా అలా చూస్తూ ఉండండి" అన్నారు. పచ్చటి మెరుపులు వరసగా కొట్టాయి. లోపలెక్కడో చిన్న నొప్పి, సూదిమొన తాకినట్టు. చారి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కుడి కన్నును కదపకుండా ఉంచడం అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. "ఇంత నిలకడగా కూర్చునేవాళ్లు తక్కువ" అంది డాక్టరమ్మ. ఉస్తాద్ వింటే మురిసేవాడని చారి అనుకున్నాడు. ఆయన మీద కోపం రాలేదు. పాపం, అరిగే చెప్పుల లెక్క ఆయనకు తెలుసు గానీ, షుగరు లెక్క ఆ కాలంలో ఎవరికి తెలుసు?

ఇంకో రెండు విడతలుగా లేజర్ అయింది. పోయింది రాలేదు. ఉన్నది నిలిచింది. చీకట్లో కొంచెం తడుముకుంటున్నాడు, అది అలాగే ఉంటుందన్నారు. ఇక నుంచి చెప్పిన గడువుకల్లా వచ్చి చూపించుకోవాల్సిందే, బాగున్నా సరే, బాగున్నప్పుడే అన్నారు. చారి ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "కంటి సర్వీస్, దుకాన్ బంద్" అని రాసి పెట్టుకున్నాడు. ఆసుపత్రికి పోయే రోజున దాన్ని షట్టర్‌కు వేలాడదీస్తాడు. మొన్న రెండోసారి దాన్ని వేలాడదీసినప్పుడు పక్క షట్టర్ కూడా మూసి ఉంది. సుబ్బరాజు ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, "నాకు తోడెవరూ లేరండీ, మీ ఆవిడని ఇద్దరికీ కలిపి తోడుగా రాసుకుంటారేమో అడగండి" అన్నాడు.

దుకాణం మళ్లీ మొదలైంది. పని కాస్త నెమ్మదించింది, వెలుతురుండగానే సర్దుకుని ఇంటికి పోతున్నాడు. ఆ మధ్యాహ్నం ఒక కుర్రాడు తెచ్చిన తాతగారి వాచీ విప్పి, కుడి కంటికి గ్లాసు పెట్టుకుని వంగి ఉన్నాడు. గ్లాసు పెట్టుకుంటే ఇప్పుడు అతనికి వాచీ తప్ప లోకం లేదు. ఎవరు వచ్చినా, ఎటు నుంచి వచ్చినా తెలియదు. అది తెలిసే దేవమ్మ వచ్చి, డబ్బా మూతను గాజుపెట్టె మీద టకటకమని తట్టింది.

చారి పట్టకారు కింద పెట్టాడు. కంటిగ్లాసు తీశాడు. తీసి జేబులో వేసుకుని, కుర్చీలో పూర్తిగా ఆమె వైపు తిరిగి, తల ఎత్తి చూశాడు.

"వచ్చినవా" అన్నాడు.

"వస్తి. పని ఎందుకు ఆపినవ్? వానికి ఇయ్యాల ఇస్తనన్నవ్ గద."

"ఆపితేనే కనవడుతున్నవ్."

దేవమ్మ కొంగుతో మొహం తుడుచుకున్నట్టుగా కళ్లు తుడుచుకుంది. చారి లేచి, ఉస్తాద్ కాలం నుంచి ఎడమ పక్కనే ఉన్న స్టూలును ఎత్తి తెచ్చి కుడి పక్కన వేశాడు. అది ఇన్నాళ్లు ఉన్నచోట నేల మీద నాలుగు గుంటలు పడి ఉన్నాయి.

"నిలవడకు, మోకాలు గుంజుతది. కూసో. జెరసేపు చూసినంక తింట."